చేతులు చూపించి లేవాలి

రెజైనా,
2024 జూన్

సుధక్కా,

నీకు ఫోన్ చేసి చేసి విసుగొచ్చింది. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. నువ్వు ఎత్తవు. రెండు రోజుల తర్వాత ‘బాగున్నాను, నువ్వు జాగ్రత్త’ అని ఒక మెసేజ్ వస్తుంది. అది నువ్వు రాసిందో నీ కొడుకు కిట్టు రాసిందో కూడా నాకు తెలియడం లేదు. అందుకే కాగితం తీశాను. కాసినోలో పనిచేసే రోజుల్లో నీది పగలు, నాది సాయంత్రం అయినప్పుడల్లా టిఫిన్ డబ్బా మూత కింద చీటీ పెట్టి బ్రేక్ రూమ్ ఫ్రిజ్‌లో వదిలేవాళ్ళం, గుర్తుందా. పేక పంచే అంతమంది డీలర్లలో తెలుగు చదవగలిగింది మనిద్దరమే. సూపర్‌వైజర్‌ని ఎంత తిట్టుకున్నా అడిగేవాడు లేడు.

నేను ఇక్కడ ఉండలేకపోతున్నానక్కా. చింటు మంచివాడే. కోడలు చరిత కూడా పల్లెత్తు మాట అనదు. ఇద్దరివీ గవర్నమెంట్ ఉద్యోగాలు. మనవరాలు స్కూలు నుంచి వచ్చి ‘హాయ్ నానీ, ఐ హావ్ హోంవర్క్’ అని గదిలోకి పోతుంది. రోజంతా నేనూ, కిటికీ. కిటికీలోంచి చూస్తే కంటికి అడ్డం ఏదీ ఉండదు, అయినా నాకు ఊపిరాడదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచదు.

ఒక సంగతి చెప్తా, నవ్వకు. గుడికని చెప్పి బస్సెక్కి ఇక్కడి కాసినోకి వెళ్తున్నాను. అది ఒకప్పుడు రైల్వే స్టేషనట. ఇప్పుడు ఈ ఊరికి రైల్లో వచ్చేవాళ్ళూ లేరు, పోయేవాళ్ళూ లేరు. నేను ఆడను, నీకు తెలుసు కదా. టేబుల్స్ వెనక నిలబడి చూస్తాను. ఒక కుర్రాడు పేక కలుపుతుంటే నా చేతులు దురదపెడతాయి. వాడి వేళ్ళు మొద్దువి. నువ్వు పేక కలుపుతుంటే టేబుల్స్ మీద పెత్తనం చేసే పిట్ బాస్ కూడా నడుస్తున్నవాడల్లా ఆగి చూసేవాడు. కొత్తగా చేరినవాళ్ళని ‘సుధ చేతులు చూసి నేర్చుకోండి’ అని నీ వెనక నిలబెట్టేవారు. ఆ మాట ఈ కుర్రాడికి చెప్పాలనిపించింది. చెప్పబోతే సెక్యూరిటీ అతను వచ్చి ‘మేడమ్, ఆర్ యూ ప్లేయింగ్?’ అన్నాడు.

ఇక అసలు సంగతి. ఉద్యోగం మానేసిన రోజు పార్కింగ్ లాట్‌లో నిలబడి ఏమనుకున్నాం? పిల్లలు స్థిరపడ్డాక ఒకే వీధిలో, కేకేస్తే వినపడేంత దూరంలో ఉందామనుకున్నాం. పిల్లలు స్థిరపడ్డారు. మా లింగయ్య పోయి కూడా చాలా కాలమైంది, నన్ను ఆపేవాళ్ళు లేరు. నీ ఇంటి దగ్గర రెండు గదుల వాటా ఏదైనా చూడు. చలి ముదరకముందే వచ్చేస్తాను.

ఈలోగా మన నయాగరా ఎలా ఉందో రాయి. ప్లాస్టిక్ బకెట్లలో నాణేలు మోసుకుని తిరిగే ముసలమ్మలు ఉన్నారా? తెల్లారి షిఫ్టు దిగి బయటికి వస్తే జలపాతం తుంపర కనురెప్పల మీద పడి గడ్డకట్టేది. అది తలుచుకుంటేనే నాకు ప్రాణం లేచొస్తోంది.

నీ
కళ


నయాగరా ఫాల్స్,
జులై

కళా,

నీ ఉత్తరం చేరింది. నవ్వుకున్నాను. నవ్వి చాలా రోజులైంది.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉంది. చెవి సరిగ్గా వినపడటం లేదు. నువ్వొకటి చెప్తే నాకు ఇంకొకటి వినపడుతుంది. ఉత్తరమే నయం.

నువ్వడిగిన ఊరి గురించి. నాణేలు లేవు. ఇప్పుడు మెషిన్ ఒక కాగితం ముక్క కక్కుతుంది, అదే గెలుపు. లోపలికి వెళ్తే ఆస్పత్రిలో ఉన్నంత నిశ్శబ్దంగా ఉంటుంది, పైనుంచి ఏదో ట్యూన్ మాత్రం వస్తుంటుంది. బ్రాంప్టన్ నుంచి పొద్దున్నే వచ్చే బస్సులు ఆగిపోయాయి. ఆ బస్సుల్లో దిగే పంజాబీ తాతలు, చైనా అవ్వలు, వాళ్ళ పరాఠాలు, వాళ్ళ గొడవలు, ఏవీ లేవు. లండీస్ లేన్‌లో ఎర్ర గుండె లైటు ఉన్న హనీమూన్ మోటెల్ గుర్తుందా? దాన్ని నెలసరి అద్దెకి ఇస్తున్నారు. మన తెలంగాణ, ఆంధ్ర పిల్లలే గదికి నలుగురు చొప్పున ఉంటున్నారు, కాలేజీలో చదువుకుంటూ హోటళ్ళలో పక్కలు సర్దుకుంటూ. గుండె ఆకారం టబ్బులో బియ్యం బస్తాలు పెట్టుకున్నారని హర్షిణి అనే అమ్మాయి చెప్పింది. అంతకన్నా మంచి వాడకం నాకూ తోచలేదు.

మొన్న బట్టలు మడతపెడుతుంటే నీ టేబుల్ దగ్గరికి వచ్చిన ఆ జంట గుర్తొచ్చారు. పట్టుచీర కట్టుకుని పేకాటకి వచ్చిన ఆవిడ. ‘ఏవండీ, ఈ పిల్ల మనమ్మాయిలా లేదూ?’ అంది. ఆయన నీ బ్యాడ్జి మీద ‘కళ’ అని చదివి, ‘ఛ, మనవాళ్ళు ఇలాంటి పనులు చేస్తారా, శ్రీలంక పిల్ల అయ్యుంటుంది’ అన్నాడు. తర్వాత ఇద్దరూ నీ ఎదురుగానే వాళ్ళ ఆడపడుచు మీద చాడీలన్నీ చెప్పుకున్నారు. నువ్వు ముఖంలో ఒక్క గీత కదలకుండా ముక్కలు పంచావు. పక్క టేబుల్ దగ్గర నేను పెదవి కొరుక్కుని చచ్చాను. ఆ ఉగాదికి టొరంటో హాల్లో ఆవిడే నీకు పులిహోర వడ్డించి, ‘నువ్వెక్కడ పనిచేస్తావమ్మా’ అంటే ‘హోటల్లో అండీ’ అన్నావు. నేనూ అదే అన్నాను. మనం ఇరవై ఏళ్ళు అందరికీ అదే చెప్పాం.

వాటా సంగతి చూస్తాను. అద్దెలు మండిపోతున్నాయి. తొందరపడకు. చింటు దగ్గర బాగానే ఉన్నావు కదా.

సుధ


రెజైనా,
సెప్టెంబర్

సుధక్కా,

‘చూస్తాను’ అని రాసి రెండు నెలలైంది. చూశావా? నీకు కాగితం మీద కూడా పొదుపేమిటి? అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పైన మొదలుపెట్టినప్పుడు బాగానే ఉన్నాయి, కిందికి వచ్చేసరికి నేను చరిత కళ్ళజోడు కూడా పెట్టుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. గుడిలో సామూహిక వరలక్ష్మీవ్రతం పెట్టుకున్నారు. ముందురోజు మమ్మల్ని లడ్డూలు చుట్టడానికి పిలిచారు. పొడవాటి టేబుల్, అటు పదిమంది, ఇటు పదిమంది. మధ్యలో బూందీ గుట్ట. నాకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఎన్నేళ్ళయిందో అలా టేబుల్ వెనక నిలబడి చేతులు ఆడించి. నేను రెండు చుడితే పక్కావిడ ఒకటి. ఎవరో ‘చంద్రకళగారూ, కాఫీ తాగి రండి’ అన్నారు. ‘సరే’ అని వెనక్కి జరిగాను. జరిగి, ఏం చేశానో తెలుసా? రెండు చేతులూ ఒకసారి తట్టి, అరచేతులు పైకి, వెనక్కి తిప్పి, పైకప్పుకేసి చూపించాను.

అందరూ చూస్తున్నారు. నాకు అప్పటికి గానీ తెలియలేదు ఏం చేశానో. ఒకావిడ ‘అదేం దండమండీ’ అంది. ఈలోగా గ్యాస్ సిలిండర్ తెచ్చిపెట్టిన యజ్ఞనారాయణగారు పకపకా నవ్వడం మొదలుపెట్టారు. యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరయిన పెద్దాయన. ‘అమ్మా, మీది ఏ కాసినో?’ అన్నారు. ఆయనే వాళ్ళందరికీ వివరించారు: ‘పేక పంచే డీలర్లు టేబుల్ వదిలేముందు ఇలా చేస్తారు. చేతుల్లో ఏమీ దాచుకోలేదని పైనున్న కెమెరాకి చూపించడం. ఇది నేర్పితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి చేస్తే ఎముకల్లోకి దిగుతుంది.’ ఆయనకి అంత బాగా ఎలా తెలుసో ఎవరూ అడగలేదు. ఆయన భార్య మాత్రం బూందీలోకి చూస్తూ ఉండిపోయింది.

నేను ‘నయాగరాలో అండీ’ అన్నాను. ఇరవై ఏళ్ళు దాచింది లడ్డూల దగ్గర పోయింది. ఇంటికొచ్చి చెప్తే అందరూ నవ్వుకున్నారు.

వాటా సంగతి రాయి. రెండు గదులు లేకపోతే ఒక గది. బేస్‌మెంట్ అయినా ఫరవాలేదు. ఇప్పుడు నాకు అక్కడికి రావాలన్న ఆత్రం ఇంకా ఎక్కువైంది. కాలు నిలవడం లేదు.

నీ
కళ


నయాగరా ఫాల్స్,
అక్టోబర్

కళా,

లడ్డూల సంగతి చదివి కిట్టుకి కూడా చెప్పాను. వాడు శనివారాలు వస్తుంటాడు.

కానీ నువ్వొక మాట మింగేశావు. ‘అందరూ నవ్వుకున్నారు’ అని రాశావు. చింటుని చిన్నప్పటి నుంచి చూశాను. మన షిఫ్టులు కలిస్తే వాడూ కిట్టూ మా ఇంట్లో ఒకే కంచంలో తిన్నారు. చింటు ఇలాంటివాటికి నవ్వే పిల్లాడు కాదు. వాడేమన్నాడో రాయి.

వాటా చూడలేదు. చూడను కూడా. నువ్వు ఇక్కడికి రావద్దు. నీ మనసులో ఉన్న ఊరు ఇక్కడ లేదు. మొన్న కిట్టు నన్ను పాత కాసినోకి తీసుకెళ్ళాడు. మన టేబుల్స్ ఉన్నచోట తెరలు పెట్టారు. తెరలో ఒక బొమ్మ అమ్మాయి ముక్కలు పంచుతుంది. చెయ్యి తడబడదు, చెమట పట్టదు, బ్రేక్ అక్కర్లేదు. ఎవరైనా లేచిపోతే ఖాళీ కుర్చీకేసి చూసి నవ్వుతుంది. కాసేపు నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను. ఆ బొమ్మ మీద కోపం కూడా వచ్చింది. కిట్టు ‘అమ్మా, వెళ్దాం’ అన్నాడు.

నువ్వు వచ్చి చేసేదేముంది? రోజుకి ఒకసారి జలపాతం చూస్తావు. మిగతా రోజంతా? నాతో కాలక్షేపం అవుతుందనుకోకు. నేను మునుపటిలా లేను, విసుగు మనిషినయ్యాను. కొడుకు దగ్గర హాయిగా ఉండు. బస్సెక్కి మొద్దువేళ్ళ కుర్రాడిని చూసుకో.

సుధ


రెజైనా,
అక్టోబర్ చివర

సుధక్కా,

నీ ఉత్తరం చదివి ఇంత అన్నం కూడా తినలేదు. ‘రావద్దు’ అంటావా నన్ను? నాకు అడ్డంగా ఆ మాట చెప్పేది నువ్వేనా?

చింటు ఏమన్నాడో కావాలి కదా, విను. సంగతి వాడికి గుడిలోనే తెలిసింది, నన్ను కారులో తీసుకొచ్చాడు. ఇంటికొచ్చి షూస్ విప్పుతూ అన్నాడు: ‘అమ్మా, నేనిక్కడ అందరికీ నువ్వు హోటల్ మేనేజర్‌గా రిటైరయ్యావని చెప్పాను. చరిత పేరెంట్స్‌కి కూడా అదే తెలుసు. నేను టెంపుల్ కమిటీలో ఉన్నా. నీ చేతులు కాసేపు ఊరుకోలేవా?’

ఊరుకోలేవట నా చేతులు. ఆ చేతులు ముక్కలు పంచబట్టే కదా వాడు యూనివర్సిటీ మెట్లెక్కింది. గాజులు లాకర్లో పెట్టి, జేబుల్లేని బట్టలేసుకుని, మెడలో పుస్తెలతాడు సర్దుకోవాలన్నా చేతులు తట్టి కెమెరాకి చూపించి సర్దుకున్నాను. దొంగతనం చేయడం లేదని రోజుకి వందసార్లు చూపించుకున్న చేతులు ఇవి. వాటిని చూసి వాడికి సిగ్గేసింది. నేను పళ్ళెం తీసి సింక్‌లో పెట్టాను. అప్పటి నుంచి ఇంట్లో అందరం మర్యాదగా ఉంటున్నాం. ఆ మర్యాదే భరించలేకపోతున్నాను.

‘హోటల్’ అనమని వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే, అది నాకూ తెలుసు. కానీ అది బయటివాళ్ళకి కదా.

అందుకే అడిగానక్కా. ఊరు మీద మోజుతో కాదు. తెరలో బొమ్మ పంచితే పంచనీ. నేనేమిటో తెలిసిన మనిషి ఈ దేశంలో నువ్వొక్కదానివే మిగిలావు. నీ పక్కన ఉంటే నా చేతులు ఎలా ఆడినా నువ్వు తలెత్తి చూడవు.

డిసెంబర్ మొదటివారానికి టికెట్ తీసుకున్నాను. నువ్వు వద్దన్నా వస్తాను. వాటా దొరక్కపోతే మోటెల్‌లో ఉంటాను, బియ్యం బస్తా పక్కన పడుకుంటాను. నేను నీకు బరువైతే మాత్రం ఆ మాట సూటిగా రాయి. అప్పుడు ఆగిపోతాను.

కళ


నయాగరా ఫాల్స్,
నవంబర్ 14

కళా,

సూటిగా రాయమన్నావు. రాస్తున్నాను.

నాకు చెవి బాగానే వినపడుతుంది. పోయింది గొంతు. లోపలికి పోయింది, ఫోన్‌లో నేను మాట్లాడితే అవతలివాళ్ళకి గాలి తప్ప ఏమీ వినపడదు. కాగితం మీద పొదుపు కూడా కాదు. ప్రతి లైనూ పెద్ద అక్షరాలతోనే మొదలుపెడతాను, చివరికి వచ్చేసరికి అవే కుంచించుకుపోతాయి. డాక్టర్ పార్కిన్సన్స్ అని చెప్పి ఏడాది దాటింది. ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది.

మొదట కుడిచేతి బొటనవేలు. నేను ఏమీ చేయకపోయినా అదే కదిలేది, ఏదో కనపడని ముక్క లాగుతున్నట్టు. చలి అనుకున్నాను. అందరికీ చలి అనే చెప్పాను. కిందటి వేసవిలో ఒకరోజు పాత పేక తీసి కలపబోయాను. వంటగది నేలంతా ముక్కలే. వంగి ఏరుకోలేక అలాగే వదిలేశాను. శనివారం కిట్టు వచ్చేదాకా వాటిని దాటుకుంటూ వంట చేసుకున్నాను.

నీ మొదటి ఉత్తరంలో నా చేతుల గురించి రాశావు చూడు, పిట్ బాస్ ఆగి చూసేవాడని. అది చదివాక నీకు నిజం చెప్పలేకపోయాను. నా చేతులు ఎలా ఉండేవో సరిగ్గా తెలిసినదానివి నువ్వే. మిగతావాళ్ళ ముందు కప్పు ఒలికితే నాకేం అనిపించదు. నీ ముందు ఒలకడం నాకు ఇష్టం లేదు. అందుకే ఊరు మారిపోయిందని, అద్దెలని, ఏవేవో రాశాను. ఊరు మారింది నిజమే. నేను దాని వెనక నిలబడ్డాను.

ఇల్లు అమ్మేశాం. నెలాఖరుకి కిట్టు నన్ను వాటర్లూ తీసుకెళ్తున్నాడు. కాబట్టి నువ్వు వచ్చినా ఆ వీధిలో నేను ఉండను. టికెట్ రద్దు చేసుకో. నువ్వు నాకు ఎప్పుడూ బరువు కాదే. నేను నీకు బరువవుతాను, అదే నా బాధ.

చింటు మాట పట్టించుకోకు అనను. పట్టించుకో, కానీ వాడికి తిరిగి చెప్పు. నాకు రాసింది వాడికి చెప్పు.

పోస్టువాళ్ళు సమ్మె చేస్తారని అంటున్నారు. ఈ రోజే వేస్తే నీకు ముందే అందుతుందని కిట్టు అన్నాడు.

సుధ


నయాగరా ఫాల్స్, లండీస్ లేన్ మోటెల్,
డిసెంబర్

సుధక్కా,

నీ ఇంటి తలుపు ఎవరో మొగాయన తీశాడు. వెనక అంతా అట్టపెట్టెలు. ‘ద ఓల్డ్ లేడీ? షీ మూవ్డ్’ అన్నాడు. నేను గుమ్మం ముందు సూట్‌కేసుతో నిలబడ్డాను. మంచు పడుతోంది. ఎక్కడికి వెళ్ళిందంటే ఆయనకి తెలీదు. పక్కింటి ఇటలీ ఆవిడ బయటికి వచ్చి, వాటర్లూలో కొడుకు దగ్గరికని చెప్పింది. ‘కారెక్కేటప్పుడు ఆమె టీ కప్పు కూడా కొడుకే పట్టుకున్నాడు, పాపం’ అంది. అడ్రసు ఆవిడకీ తెలీదు.

నా చివరి ఉత్తరానికి నువ్వు జవాబు రాశావో లేదో నాకు తెలీదు. రాసినా పోస్టు సమ్మెలో ఎక్కడో సంచిలో పడుంటుంది. రాయలేదేమో అనుకుని నిన్ను సాయంత్రమంతా తిట్టుకున్నాను. చెప్పాపెట్టకుండా ఊరు ఖాళీ చేసి పోతుందా మనిషి, ఇరవై ఏళ్ళు ఒక డబ్బాలో తిన్నాం కదా అని. కోపంతో గదిలో ఉండలేక బయటికి నడిచాను.

పాత కాసినోకి వెళ్ళాను. నీ బొమ్మ అమ్మాయిని చూశాను. నువ్వు చెప్పింది నిజమే, నేను లేచిపోతుంటే కూడా నవ్వింది. నాణేల చప్పుడు లేక చెవులు దిబ్బడేసినట్టు అనిపించింది. కానీ లోపల మూలకి ఇంకా కొన్ని మామూలు టేబుల్స్ ఉన్నాయక్కా. నువ్వు అంతదూరం వెళ్ళలేదేమో. ఫిలిప్పీన్స్ పిల్ల ఒకతి పంచుతోంది. బ్రేక్‌కి వెళ్తూ చేతులు తట్టి, అరచేతులు తిప్పి చూపించింది. ఆ చప్పుడు విని నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయటికి వస్తే తుంపర మాత్రం మునుపటిలాగే కనురెప్పల మీద పడింది. దాన్నెవరూ మార్చలేదు.

గదికొచ్చి నీ ఉత్తరాలన్నీ తీసి మంచం మీద వరుసగా పరిచాను. జులైది, అక్టోబర్‌ది, ఆ ముందు నా పుట్టినరోజులకి పంపిన కార్డులు కూడా. ఒకదాని పక్కన ఒకటి పెడితే కనపడింది. ఏడాదికేడాది అక్షరాలు చిన్నవైపోతూ వచ్చాయి. మా పెద్దమామగారి సంతకం కూడా ఇలాగే చిన్నదవుతూ వచ్చి, తర్వాత ఆయన గ్లాసు పట్టుకోలేకపోయాడు. టీ కప్పు కొడుకు పట్టుకున్నాడని పక్కింటావిడ చెప్పింది కదా. ఫోన్ ఎత్తకపోవడం. ‘చెయ్యి తడబడదు’ అని ఆ బొమ్మ మీద నీకంత కోపం రావడం. నేనెంత మొద్దునక్కా. పొదుపని వెక్కిరించాను నిన్ను.

చింటుకి ఫోన్ చేశాను. ‘ఒక్కదానివే అక్కడికెందుకెళ్ళావమ్మా’ అని మొదలుపెట్టాడు. ‘సుధపెద్దమ్మ చేతులు పోయాయిరా. ఆ చేతులు నీకు కూడా అన్నం పెట్టాయి. కిట్టు అడ్రసు కనుక్కో’ అన్నాను. వాడు ‘సరే’ అన్నాడు. తర్వాత, ‘నీ చేతుల గురించి నేనన్న మాట...’ అన్నాడు. ‘అది తర్వాత, ముందు అడ్రసు’ అన్నాను. కాసేపటికి పంపాడు.

రేపు పొద్దున బస్సుకి బయల్దేరతాను, మధ్యలో మారాలట. పోస్టు లేదు కాబట్టి ఈ ఉత్తరం నేనే పట్టుకొస్తున్నాను, స్టాంపు లేదు. తలుపు కిట్టు తీస్తే ఊరుకోను. నువ్వే తియ్యాలి. గడియ తియ్యడానికి ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, నేను బయట నిలబడతాను.

కళ


వాటర్లూ,
2025 జనవరి
(డబ్బా మూత కింద)

సుధక్కా,

ఇది పాలకూర పప్పు. ఉప్పు తగ్గించాను, తిట్టకు.

ఈ రోజు చింటు పంపిన కవరు వచ్చింది. నువ్వు నవంబర్‌లో వేసిన ఉత్తరం పండగలన్నీ అయ్యాక రెజైనా చేరిందట, దాన్ని ఇక్కడికి పంపాడు. దానితోపాటు నా పాత బ్యాడ్జి కూడా పెట్టాడు, ‘కళ’ అని ఉన్నది. నా డ్రాయర్లో దొరికిందట. ఒక్క మాట రాయలేదు. యజ్ఞనారాయణగారికి మాత్రం వాడే ఫోన్ చేసి ‘మా అమ్మ నయాగరాలో డీలర్‌గా చేసిందండీ’ అన్నాడని చరిత చెప్పింది. ఆయనకి ముందే తెలుసు కదా. పోనీ, వాడి నోటితో వాడన్నాడు.

నీ ఉత్తరం విప్పలేదు. అందులో ఏముందో నాకు తెలుసు, రోజూ నీ పక్కన కూర్చుని చూస్తున్నాను. ఉత్తరం వచ్చిందా అని నువ్వు అడగలేక నా ముఖం చూస్తున్నావు. అది కూడా నాకు తెలుసు. కావాలంటే ఇచ్చేస్తాను, చించెయ్యి.

నేను అద్దెకి తీసుకున్న ఈ బేస్‌మెంట్ కిటికీలోంచి మీ గుమ్మం కనపడుతుంది. అరిస్తే నీకు వినపడుతుంది. నువ్వు అరవలేవు కాబట్టి కిట్టు నీకొక గంట కొని పెట్టాడు. మనం అనుకున్నది ఇదే కదా, ఊరే వేరు. రైలు చప్పుడుకి నాకు ఇంకా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఈ ఊళ్ళో కూడా నా కాలు నిలవడం లేదు. సాయంత్రం నిన్ను ఊళ్ళో తిరిగే లైట్ రైలెక్కించి చివరిదాకా తీసుకెళ్ళి తెస్తాను, సిద్ధంగా ఉండు.

కళ


వాటర్లూ,
మర్నాడు
(అదే డబ్బా, కడిగి)

కళా,

ఉప్పు మరీ తగ్గింది.

ఉత్తరం చించకు. విప్పి చదువు. ‘టికెట్ రద్దు చేసుకో’ అని అందులో గట్టిగా రాశాను. నువ్వు నా మాట వినలేదని దగ్గర పెట్టుకో, రేపు మనం పోట్లాడుకున్నప్పుడు పనికొస్తుంది.

నిన్న నువ్వు వెళ్ళాక పప్పు తిన్నాను. చెంచా వంకరపోయింది, కొంత ఒళ్ళో పడింది. నువ్వుంటే చూసేదానివే, తుడిచేదానివి కాదు, అందుకు నీకు రుణపడి ఉంటాను. లేవబోతూ నా చేతులు వాటంతటవే తట్టుకున్నాయి. తట్టడం సరిగ్గా కుదరలేదు, ఒక చెయ్యి ముందు, ఒకటి వెనక. అరచేతులు తిప్పి పైకి చూపించాను. అవి వణుకుతూనే ఉన్నాయి. మా కిట్టు కూతురు చూసి ‘వై డూ యూ డూ దట్?’ అంది. కిట్టు ఏదో చెప్పబోయాడు, నేను ఆగమన్నాను. నా గొంతు దానికి వినపడాలని దగ్గరికి పిలిచి చెప్పాను, ‘నా దగ్గర ఏమీ దాచుకోలేదని చూపిస్తున్నానే’ అని.

జబ్బు తెలిసిన ఇన్నాళ్ళలో ఆ మాట నిజమైంది నిన్ననే. రేపు నువ్వు వచ్చేటప్పుడు పేక తీసుకురా. నువ్వు కలుపు. నేను పంచుతాను, ఎన్ని కింద పడితే అన్ని పడనీ.

సుధ